గోడకు కన్నం పడితే పడనివ్వండి

పోయిన అక్టోబరులో ఒక రాత్రి ఒంటిగంట దాటాక మా హాల్లో పెద్ద చప్పుడైంది. పరుగెత్తుకెళ్లి లైటు వేస్తే నాన్న పటం నేల మీద బోర్లా పడి ఉంది, అద్దం ముక్కలు సోఫా కింద దాకా చెదిరిపోయాయి, గంధపు దండ తెగి ఒక పక్కన పడింది. అప్పుడు అమ్మ మా దగ్గరే ఉంది. ఆవిడ ముక్కలు ఏరనివ్వలేదు, ఏదో అపశకునం అంటూ తెల్లారేదాకా అక్కడే కూర్చుని ఏడ్చింది. సాయంత్రం పూట నా చిన్న కూతురు ఆ సోఫాలోనే, ఆ పటం కిందే పడుకుని పుస్తకం చదువుకుంటుంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టకపోవడానికి కారణం అదే.

పొద్దున్నే గోడ దగ్గరికి వెళ్లి చూశాను. నేను కొట్టిన మేకు ఉన్నచోట గుండ్రటి కన్నం కిందికి సాగి చింతగింజంత అయింది, కాగితం పొర చిరిగి వేలాడుతోంది, గోడ అడుగునున్న బేస్‌బోర్డు పట్టీ మీద తెల్లటి పొడి సన్నగా రాలి ఉంది. అంటే పటం ఒక్కసారిగా పడలేదన్నమాట. నాలుగేళ్లుగా రోజూ కొంచెం కొంచెం కిందికి జారుతూ వచ్చింది, మేమెవరం చూడలేదు.

అమెరికాలో మన ఇళ్లలో ఇలా వేలాడుతున్న పటాలు ఎన్నున్నాయో అని అప్పటినుంచీ ఎవరింటికి వెళ్లినా గోడల వంకే చూస్తున్నాను. లక్షల డాలర్లు పెట్టి ఇల్లు కొంటాం, తంజావూరు పటం ఇండియా నుంచి పెట్టెలో భద్రంగా తెప్పించుకుంటాం, దాన్ని తగిలించే దగ్గరకొచ్చేసరికి డ్రాయర్‌లో దొరికిన మేకో, అతికించే స్ట్రిప్సో వాడేస్తాం. ఎందుకంటే కొత్త గోడకు కన్నం పడుతుందని భయం. అద్దె ఇంట్లో ఉంటే డిపాజిట్ పోతుందని టెన్షన్. ఈ భయాన్ని వదిలేయమని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మన ఊళ్లో ఇటుక గోడకి మేకు కొట్టడం అందరికీ గుర్తుండే ఉంటుంది. రెండు మేకులు వంగిపోయేవి, మూడోది ఎలాగో దిగితే ఇక పదేళ్లయినా కదిలేది కాదు. ఇక్కడ రెండు దెబ్బలకే మేకు సర్రున దిగిపోతుంది, పని తేలికైందని సంతోషిస్తాం. అంత తేలిగ్గా దిగిందంటే అక్కడ దాన్ని పట్టుకోవడానికి ఏమీ లేదని అర్థం. డ్రైవాల్ అంటే రెండు కాగితం పొరల మధ్య గట్టిపరిచిన జిప్సం పలక, మామూలు గదుల్లో అర అంగుళం మందం ఉంటుంది. దాని వెనకాల ఖాళీ, లేకపోతే దూదిలాంటి ఇన్సులేషన్. అసలు బలమంతా నిలువుగా నిలబెట్టిన చెక్క స్టడ్‌లలో ఉంటుంది, అవి సాధారణంగా 16 అంగుళాలకొకటి, కొన్ని ఇళ్లలో 24 అంగుళాలకొకటి ఉంటాయి.

ముందు పటం బరువు తెలుసుకోండి. బాత్రూమ్ స్కేలు మీద ఒకసారి పటం పట్టుకుని, ఒకసారి వట్టి చేతులతో నిలబడితే చాలు. మా తంజావూరు కృష్ణుడు 31 పౌండ్లు తూగాడు, నేను పదిహేను ఉంటాడేమో అనుకునేదాన్ని. ఆ పటాల్లో కింద చెక్క పలక, దాని మీద గుడ్డ, సుద్దా జిగురూ కలిపి ఉబ్బెత్తుగా చేసిన పని, రాళ్లు, పైన అద్దం, చుట్టూ టేకు ఫ్రేము ఉంటాయి, బరువు ఉండక ఏమవుతుంది. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఉన్న పటానికి, అంగుళంలో ఎనిమిదో వంతు మందం అద్దం వేస్తే ఆ అద్దమొక్కటే దాదాపు 10 పౌండ్లు ఉంటుంది. కొత్తగా పటం కట్టించేవాళ్లు అద్దం బదులు యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ పలక అడగండి, ఆ అద్దం బరువు సగానికి తగ్గుతుంది, పడినా ముక్కలు గుచ్చుకోవు.

స్టడ్ వెతకడానికి స్టడ్ ఫైండర్ కొనొచ్చు, అది లేకపోయినా చిన్నదే అయినా గట్టి అయస్కాంతం ఒకటి ఉంటే సరిపోతుంది. గోడ మీద నెమ్మదిగా జరుపుతూ పోతే డ్రైవాల్‌ని స్టడ్‌కి బిగించిన స్క్రూ తల దగ్గర టక్కున లాగుతుంది. అక్కడ పెన్సిల్ గీత పెట్టి, కాస్త పైనా కిందా కూడా చూడండి, నిలువుగా ఒకే వరుసలో రెండు మూడుచోట్ల లాగితే అదే స్టడ్. స్విచ్చులకీ ప్లగ్ పాయింట్లకీ సరిగ్గా పైనా కిందా మాత్రం డ్రిల్ పెట్టకండి, వైర్లు అక్కడే వెళ్తాయి. అర అంగుళం డ్రైవాల్‌కి ఒకటిన్నర అంగుళాల స్క్రూ మామూలు పటాలకి సరిపోతుంది, ఇంకా పొడుగైతే లోపల వైరు తగిలే అవకాశం పెరుగుతుంది. డ్రిల్ చేస్తుంటే ఇనుము తగిలినట్టు ఆగిపోతే బలవంతం చేయకండి. పైపునో వైరునో కాపాడటానికి అక్కడ రేకు బిగించి ఉండొచ్చు.

మనకి కావలసినచోట స్టడ్ ఉండదు, ఇది అందరికీ వచ్చే ఇబ్బందే. సోఫాకి సరిగ్గా మధ్యలో పటం ఉండాలంటే స్టడ్ ఐదంగుళాలు పక్కనుంటుంది. అలాంటప్పుడు టాగుల్ బోల్ట్ వాడండి. దాని రెక్కలు ముడుచుకుని కన్నంలోంచి లోపలికి వెళ్లి, అవతల విచ్చుకుని గోడని వెనకనుంచి పట్టుకుంటాయి. కన్నం అర అంగుళం పైనే పడుతుంది, పడనివ్వండి, పటం వెనక ఎవరికీ కనపడదు. ప్యాకెట్ మీద 100 పౌండ్లని రాసి ఉంటే నేను 25కి మించి దానికి తగిలించను. మా కృష్ణుడికి రెండు పెట్టాను. బాగా బరువైన వాటికి ఫ్రెంచ్ క్లీట్ అన్నిటికంటే నమ్మకం, ఏటవాలుగా కోసిన రెండు పట్టీల్లో ఒకటి గోడకీ ఒకటి పటానికీ బిగించి, ఒకదాని మీద ఒకటి కూర్చోబెట్టడమే.

గోడ సంగతి చూశాక పటాన్ని తిప్పి వెనక కూడా చూడండి. చాలా పటాలకి పల్చటి రంపపు పళ్ల హుక్కు చిన్న చిన్న మేకులతో కొట్టి ఉంటుంది, బరువు పటాలకి అది పనికిరాదు, తీసేసి రెండు పక్కలా డి-రింగులు, అంటే ఇంగ్లీషు D ఆకారంలో ఉండే రింగులు, స్క్రూలతో బిగించండి. తీగ కడితే మరీ బిగుతుగా, అడ్డంగా లాగి కట్టకండి. ఒక హుక్కుకి తగిలించిన తీగ అడ్డగీతకి 30 డిగ్రీల్లో ఉంటే ఒక్కో వైపు తీగ మీద పడే లాగుడు పటం మొత్తం బరువంత ఉంటుంది, ఇంకా అడ్డమైతే ఇంకా ఎక్కువ. అందుకే నేను తీగే మానేసి రెండు రింగుల్నీ రెండు స్క్రూలకి నేరుగా తగిలిస్తున్నాను. రసమట్టం పెట్టి చూసుకుంటే ఒక్కసారికే సరిగ్గా కుదురుతుంది, తర్వాత తలుపు వేసినప్పుడల్లా పక్కకి ఒరగదు.

ఇక అతికించే స్ట్రిప్స్. పిల్లల బొమ్మలకి, తేలికపాటి సర్టిఫికెట్లకి అవి బాగానే ఉంటాయి. మంచం పైన వద్దని, వాల్‌పేపర్ మీద వద్దని ప్యాకెట్ వెనకాలే రాసి ఉంటుంది, మనం చదవం. అద్దం ఉన్న దేవుడి పటానికీ, పోయినవాళ్ల ఫోటోకీ అవి వాడొద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. అద్దె ఇల్లయితే లీజులో ఏం రాశారో చూసుకోండి, ఖాళీ చేసేటప్పుడు స్పాకిల్ (కన్నాలు పూడ్చే ముద్ద) పూసి, ఆరాక ఉప్పు కాగితం రుద్ది, అదే రంగు వేస్తే కన్నం ఆనవాలు కూడా ఉండదు. ఖర్చు కూడా పెద్దగా కాదు.

అన్ని గోడలూ ఒకటి కావు. బోస్టన్, షికాగో వైపు పాత ఇళ్లలో చెక్క బద్దల మీద సున్నపు ప్లాస్టర్ ఉంటుంది, దానికి సుత్తి తగిలితే పెచ్చులూడుతుంది, నెమ్మదిగా డ్రిల్‌తోనే చేయాలి. జెర్సీ సిటీ లాంటిచోట్ల ఎత్తయిన బిల్డింగుల్లో స్టడ్‌లు పల్చటి ఇనుప రేకువి, మామూలు చెక్క స్క్రూ అందులో గట్టిగా పట్టదు. హైదరాబాద్‌లో అమ్మానాన్నలకి కొన్న కొత్త ఫ్లాట్‌లో అయితే కథ వేరు. మివాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో పోసిన గోడ పూర్తిగా కాంక్రీటు, హ్యామర్ డ్రిల్ లేనిదే లొంగదు. అదే లోపల గాలి బుడగలుండే తేలికపాటి ఏఏసీ సిమెంటు బ్లాకుల గోడయితే హ్యామర్ పెడితే కన్నం వదులైపోతుంది, మామూలుగా తిప్పి, పొడవాటి నైలాన్ ప్లగ్ వేయమని కార్పెంటర్‌కి చెప్పాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు భూకంపానికి పటం ఎగిరి బయటికి రాకుండా మూసుకునే హుక్కులు వాడండి, మంచాల పైనా ఉయ్యాల పైనా అసలు ఏదీ తగిలించకండి. 2014లో నాపాలో భూమి కదిలింది తెల్లవారుజామున మూడు దాటాక, అందరూ మంచాల మీద ఉన్న వేళ.

నాన్న పటం మళ్లీ కట్టించాం, ఈసారి యాక్రిలిక్‌తో. రెండు స్టడ్‌లలోకి రెండు స్క్రూలు. తగిలించే ముందు ఒక్కో స్క్రూకి గుడ్డ సంచి తగిలించి, అందులో ఇరవై పౌండ్ల బియ్యం పెట్టి ఒక రోజంతా వదిలేశాను, అమ్మ రెండుసార్లు వచ్చి గోడ తడిమి చూసుకుంది.

వచ్చే నెల మా అసోసియేషన్‌లో ఇద్దరి గృహప్రవేశాలున్నాయి, ఇద్దరికీ పటాలే ఇస్తున్నాను. వెనక డి-రింగులు బిగించి, బరువెంతో ఒక చీటీ మీద రాసి అంటించాను, స్క్రూలు కవర్లో పెట్టాను, పూజ అయ్యాక డ్రిల్ కూడా తీసుకొస్తానని ముందే చెప్పాను.