సవరణ: పచ్చి ఎరువు, మాగిన ఎరువు ఒకటి కాదు

‘నేలలో సేంద్రియ పదార్థం పెంచితే శిలీంద్ర తెగుళ్లు తగ్గుతాయి’ అని ముందు రాసిన దానికి ఈ వివరణ చేర్చాలి. ఆ వాక్యం బాగా మాగిన కంపోస్టుకే వర్తిస్తుంది. మాగని పేడ, అప్పుడే కలియదున్నిన పచ్చిరొట్ట విషయంలో ఫలితం తలకిందులు కావచ్చు.

కారణం తిండి. పిథియం, రైజోక్టోనియా లాంటి మట్టిలోని తెగులు సూక్ష్మజీవులు బతికున్న మొక్క లేకపోయినా పచ్చి పదార్థం తిని పెరుగుతాయి. వెంటనే విత్తనం వేస్తే నారుకుళ్లు ఎక్కువవుతుంది. అందుకే పచ్చిరొట్ట కలియదున్నాక కనీసం రెండు మూడు వారాలు ఆగాలి. మాగిన కంపోస్టులో తేలిగ్గా దొరికే చక్కెరలు అయిపోయి ఉంటాయి. మేలు చేసే సూక్ష్మజీవులు అప్పటికే చోటు ఆక్రమించేస్తాయి కాబట్టి పిథియంకు పోటీ గట్టిగా ఉంటుంది. రైజోక్టోనియా అంత తేలిగ్గా లొంగదు. దానికి ట్రైకోడెర్మా (మేలు చేసే శిలీంద్రం) లాంటి ప్రత్యేక శత్రువు కావాలి. ట్రైకోడెర్మా కలిపిన మట్టిలో కార్బెండజిమ్ అనే శిలీంద్రనాశిని పోస్తే మాత్రం ఆ ట్రైకోడెర్మా కూడా చస్తుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు.

ఆవాల పైరు కలియదున్నడం వేరే సంగతి. అక్కడ పనిచేసేది నలిగిన ఆకుల నుంచి వెలువడి తెగులు శిలీంద్రాలను అణిచే ఐసోథయోసైనేట్ వాయువులు. ముక్కలు చిన్నగా ఉండాలి, తేమ ఉండాలి, వెంటనే మట్టి కప్పాలి.

ఇంకొకటి: ఇవన్నీ ముందు జాగ్రత్తలే. ఫ్యుజేరియం ఎండుతెగులు సోకి వాడిపోయిన మొక్కను ఏ కంపోస్టూ తిరిగి నిలబెట్టదు.