ఇరవై స్నోమ్యాన్లు, ఒకే ముక్కు

చలికాలం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి థర్మామీటరు అక్కర్లేదు, ప్రీస్కూలు గోడ చూస్తే చాలు. ఇరవై స్నోమ్యాన్లు బారులు తీరి ఉంటాయి. అన్నింటికీ మూడేసి గుండ్రాలు, అదే నల్ల టోపీ, అదే నారింజ ముక్కు. ఆ ముక్కు కూడా ఒకే పక్కకు, ఒకే వాలుతో. కవాతు మైదానంలో కూడా ఇంత క్రమశిక్షణ కనబడదు. వాటి నెత్తిన రంగురంగుల అక్షరాల్లో శీర్షిక: "ఏ రెండు మంచు రేకులూ ఒకలా ఉండవు!"

విల్సన్ బెంట్లీ అనే ఆయన 1885లో మొదటిసారి ఒక మంచు స్ఫటికాన్ని ఫొటో తీసి, ఆ తర్వాత ఐదు వేలకు పైగా తీశాడు. ఈ గోడ చూసి ఉంటే ఒక్కదానితో సరిపెట్టుకునేవాడు, గాజు పలకల ఖర్చు మిగిలేది.

ఈ మహత్తర కళ ఎలా పుడుతుందో తెలియని వారి కోసం లెక్క చెప్పాలి. ముందురోజు రాత్రి ఒక పెద్దమనిషి కూర్చుని 60 గుండ్రాలు, 40 కళ్లు, 60 గుండీలు, 20 టోపీలు, 20 ముక్కులు కత్తిరిస్తారు. వెరసి 200 ముక్కలు. పొద్దున్న ఎక్కడ ఏది అంటించాలో పెన్సిలుతో చుక్కలు పెడతారు, చుక్క మీద గమ్ కూడా వాళ్లే వేస్తారు. ఇక నాలుగేళ్ల చిత్రకారుడి వంతు ఒక్కటే: వేలితో అదమడం. మొత్తం నలభై సెకన్ల సృజన. తపాలా బిళ్ల అంటించడం ఇంతకంటే కష్టం, కనీసం మూల ఎటు పక్కో మనమే చూసుకోవాలి.

అంత చిన్న పనిలో కూడా వాడు దారి తప్పుతాడు. ముక్కు తీసుకెళ్లి పొట్ట మీద పెడతాడు. "అక్కడ కాదు నాన్నా!" వేలెత్తితే ముక్కు వేలితోపాటే లేస్తుంది, ఎందుకంటే అప్పటికి గమ్ కాగితం మీదకన్నా వేలి మీదే ఎక్కువ. విదిలిస్తే పక్కవాడి మోచేతికి అంటుకుంటుంది. వాడు దాన్ని పీకి తన సొంత ముక్కు మీద పెట్టుకుంటాడు. గదంతా నవ్వులు. ఆ ఉదయం జరిగిన ఏకైక కళాప్రక్రియ అదే, దాన్ని కూడా వెంటనే ఆపించేస్తారు. ఆ తర్వాత మణికట్టు పట్టుకుని, చుక్క దాకా నడిపించి, ముక్కును యథాస్థానంలో ప్రతిష్ఠిస్తారు. ఎవరూ చూడకుండా పొట్ట మీద మిగిలిపోయిన ముక్కులకు పిల్లలు వెళ్లాక శస్త్రచికిత్స. గమ్ పూర్తిగా ఆరకముందే అయిపోవాలి, లేకపోతే కాగితం చిరుగుతుంది. చాలా నైపుణ్యం గల పని, సందేహం లేదు.

సాయంత్రం తల్లిదండ్రులు వస్తారు. "అబ్బ, మావాడే చేశాడా!"

చెయ్యలేదండీ. వాడు చేసినదాన్ని పీకేశారు. పిల్లల కళావిద్యను అధ్యయనం చేసిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే పిల్లల బొమ్మల దశలు రాసిపెట్టాడు: నాలుగేళ్ల దాకా పిచ్చిగీతలు, ఆ తర్వాత ఒక గుండ్రం, దాని కింద రెండు కాళ్లు, అదే మనిషి. ఆ వయసుకు అది తప్పు కాదు, అదే లెక్క. ముక్కు పొట్ట మీద ఎందుకుందని వాణ్ని ఒక్కరైనా అడిగారా? మర్నాడు గోడ దగ్గరికొచ్చి తన బొమ్మ ఏదో గుర్తుపట్టలేక నిలబడతాడు చూడండి, అప్పుడు వాడికి ఒక్క సంగతి అర్థమవుతుంది: తనకు రాదు. "నువ్వే గీసిపెట్టు" అని కాగితం మన చేతికివ్వడం అక్కడే మొదలవుతుంది. వాడి పేరు వెనక రాసి మన పనితనాన్ని గోడకెక్కించుకోవడానికి సిగ్గుండాలి.

అన్నట్టు, ముక్కు విషయంలో ఇంత పట్టుదల ఉన్నవాళ్లు కిటికీకి కట్టిన కాగితపు మంచు రేకుల్ని ఒకసారి లెక్కపెట్టరు. ఎనిమిది రెక్కలు! మంచు స్ఫటికానికి ఆరే. 1611లోనే ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఆరే ఎందుకని తల బద్దలు కొట్టుకున్నాడు. చతురస్రాన్ని సగానికి సగం మడుస్తూ పోతే నాలుగో, ఎనిమిదో వస్తాయి. ఆరు కావాలంటే గుండ్రటి కాగితాన్ని ఒకసారి సగానికి, ఆ సగాన్ని మూడు సమభాగాలుగా, మళ్లీ సగానికి మడవాలి. అప్పటికి పన్నెండు పొరలు. మామూలు కాగితమైతే మొద్దు కత్తెర తెగదు, కాగితం రెండు అలగుల మధ్యకు మడతపడి ఇరుక్కుంటుంది. పల్చటి టిష్యూ కాగితం ఇవ్వండి. ఎడమచేతివాటం పిల్లలకు ఎడమచేతి కత్తెర ఇవ్వండి. లేకపోతే గీత అలగు చాటున పడి, తప్పు పిల్లది అనిపిస్తుంది.

అరచేతి అచ్చుతో వేసే రెయిన్‌డీర్ సంగతీ ఇంతే. చేతిని రంగు పళ్లెంలో ముంచితే చక్కిలిగింతకు పిడికిలి బిగుస్తుంది, నాలుగు వేళ్లు నాలుగు కాళ్లుగా దిగడానికి బదులు ఒక బురద ముద్ద దిగుతుంది. స్పాంజితో పల్చగా పూసి, అద్ది, నిట్టనిలువుగా ఎత్తాలి. ముద్దే వచ్చిందా? ముద్దే ఉండనివ్వండి.

నిజంగా మంచు కావాలంటే షేవింగ్ ఫోమ్, తెల్ల గమ్ సమానంగా తీసుకుని మెల్లగా కలపండి. గిలక్కొడితే గాలి పోయి పాలలా జారిపోతుంది. బ్రష్షు, పాత కార్డు, వేలు, ఏదిచ్చినా సరే. రాత్రంతా ఆరితే ఉబ్బుగానే నిలుస్తుంది. ఒకదానిమీద ఒకటి పేర్చకండి, అతుక్కుపోతాయి. ఇంకా ఏది దొరికినా నోట్లో పెట్టుకునే పిల్లలకు మాత్రం ఇది వద్దు. ఆ తర్వాత మీరు చేయవలసిన పని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడడం. పెద్దలకు అంతకన్నా కఠినమైన కళ లేదు.

గ్లిట్టర్ ఊసెత్తలేదేమని అడగకండి. ఈ ఏడాది చల్లింది వచ్చే చలికాలానికి కూడా నేల సందుల్లోనే ఉంటుంది, అప్పుడు తీరిగ్గా తిట్టుకుందాం.