రేలంగి నవ్వు మిగిలింది, బుడ్డర్‌ఖాన్ మాట?

హాస్యనటుడు రేలంగి వెంకట్రామయ్య 1975 నవంబరులో కన్నుమూశారు. ఆయన నవ్వు మాత్రం ఎటూ పోలేదు. టీవీలో ‘మాయాబజార్’ వస్తుంటే ఆయన వేసిన లక్ష్మణకుమారుడి కోసం పక్క గదిలోంచి లేచి వచ్చే వాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. మన ఊరి భాగోతాల్లో నవ్వించిన బుడ్డర్‌ఖాన్ మాటకు ఆ అదృష్టం లేదు. రేలంగి నవ్వు జనం దాకా రావడానికి పట్టిన కాలం గురించి కూడా ఎక్కువ మంది మాట్లాడరు.

తూర్పు గోదావరి జిల్లాలో 1910లో పుట్టిన ఈ మనిషికి నాటకం కాకినాడలో అబ్బింది. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్‌లో మొదట్లో ఆయన కట్టినవి ఆడవేషాలు. 1935లో సి. పుల్లయ్య తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’తో తెరకెక్కారు. ఆ తర్వాత పదమూడేళ్లు చెప్పుకోదగ్గ పేరు రాలేదు. పుల్లయ్య దగ్గరే ఉండిపోయి నటుల్ని వెతికి తేవడం మొదలు ప్రొడక్షన్‌లో ఏ పని పడితే ఆ పని చేశారు. చిన్న వేషం ఇస్తే వేశారు, లేకపోతే లేదు. 1948లో ‘వింధ్యరాణి’, మరుసటి ఏడు ‘గుణసుందరి కథ’ వచ్చాక గానీ జనం ఆయన కోసం ఎదురుచూడటం మొదలుకాలేదు. అప్పటికి నలభైకి దగ్గర పడ్డారు. ఆ తర్వాత మూడు వందలకు పైగా సినిమాలు, 1970లో పద్మశ్రీ.

ఆ పదమూడేళ్లు వృథా అని మేము అనుకోవడం లేదు. ‘పాతాళభైరవి’లో రాజుగారి బావమరిదిగా ‘వినవే బాలా’ అని సొంత గొంతుతో పాడినప్పుడు చూడండి. శ్రుతి ఎక్కడా తప్పదు, మనిషి మాత్రం అడుగడుగునా తప్పటడుగు వేస్తున్నట్టే ఉంటాడు. పాట వచ్చినవాడే అలా చేయగలడు. తండ్రి హరికథలు, సంగీతం నేర్పేవారు కాబట్టి ఆ విద్య ఇంట్లోదే. మాట అనేసి, జనం అందుకునే దాకా ఒక్క క్షణం ఆగడం మాత్రం స్టేజీ మీద తప్ప ఎక్కడా నేర్పరు. ఎదుట కూర్చున్నవాళ్లు నవ్వలేదంటే ఆ రాత్రే తెలిసిపోతుంది.

గోదావరి నటుడి గురించి నల్లగొండ, పాలమూరు పాఠకులకు ఇంత చెప్పడానికి కారణం ఉంది. రేలంగి తొలి సినిమా నాటికి మన ప్రాంతం నిజాం ఏలుబడిలో ఉంది. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 అనే నిజాం సర్కారు ఉత్తర్వు కింద ముందే అనుమతి తెచ్చుకోవాలి. సినిమా స్టూడియోలేమో మద్రాసులో. అయినా మన ఊళ్లలో నవ్వించేవాళ్లకు ఏనాడూ కొదవ లేదు. చిందు భాగోతంలో, యక్షగానంలో రాజు, రాణి పద్యంలో, దరువులో మాట్లాడుతుంటే మధ్యలో దూరి ఊరి మాట మాట్లాడేవాడు బుడ్డర్‌ఖాన్. పటేలు ముందు వరుసలో కూర్చున్నా సరే, ఎవరి బర్రె ఎవరి చేన్ల పడ్డదో, ఎవరు ఎవరికి బాకీ ఉన్నరో వేషం ముసుగులో అనేసేవాడు. కట్టె తుపాకి భుజానేసుకుని లేని జాగీర్ల లెక్క చెప్పే పిట్టల దొరదీ అదే దారి. దొరతనాన్ని వెక్కిరించడానికి ఇంతకన్నా తెలివైన వేషం ఇంకోటి ఉందా?

వీళ్లలో మద్రాసు చేరినవాళ్లు లేరనే చెప్పాలి. కోదాడ దగ్గరి గుడిబండ నుంచి కాంతారావు వెళ్లారు, కత్తి పట్టి హీరో అయ్యారు. నవ్వించే పని మీద వెళ్లిన కోదాడ మనిషి వేణుమాధవ్. ఆయన కాలానికి పరిశ్రమ హైదరాబాదుకు వచ్చేసింది. భాగోతం గద్దె కాదు, మిమిక్రీ స్టేజీ ఆయన బడి. ఈ మధ్యలో సినిమా మన యాసను విలన్లకూ జోకర్లకూ అప్పగించి చాలా ఏళ్లు గడిపింది. బుడ్డర్‌ఖాన్ ఆ యాసలో పెద్దవాళ్లను చూసి నవ్వేవాడు. తెర మీద ఆ యాసనే చూసి నవ్వారు. ఈమధ్య హీరోలు కూడా ఈ మాట మాట్లాడుతున్నారు, సంతోషమే. ఆలస్యంగా దొరికిన సంతోషం.

రేలంగిని ఫిల్ము కాపాడింది. మనవాళ్లను కాపాడిందేమీ లేదు. యక్షగాన ప్రతుల్లో పద్యాలు ఉంటాయి, దరువులు ఉంటాయి. హాస్యగాడి మాటలు చాలా ప్రతుల్లో కనపడవు. అవి ఆ రాత్రి, ఆ ఊరిని చూసి పుట్టినవి, తెల్లారేసరికి అయిపోయినవి. ఆ మాటల ఒడుపు తెలిసిన కళాకారులు ఇప్పుడు ముసలివాళ్లు. కిన్నెర వాయించే మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో నారాయణపేట జిల్లాలో బుర్రవీణ వాయించే దాసరి కొండప్పకు, ఒకప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉన్న జనగామ ప్రాంతపు చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు వచ్చింది. వాయిద్యాన్ని, ప్రధాన వేషాన్ని గుర్తించడం తేలిక. పక్క వేషంలో నిలబడి రాత్రంతా జనాన్ని మేలుకొలిపినవాడి పేరు ఏ ఫైలులోనూ ఎక్కదు. పద్మశ్రీ వచ్చిన మొగులయ్యే ఆ తర్వాత కూలి పనికి వెళ్లారన్న వార్తలు చదివాం. ఏ బిరుదూ లేనివాడి సంగతి వేరే చెప్పాలా?

నల్లగొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. తెలుగు శాఖల విద్యార్థులకు తలా ఒక మేళం, అంటే భాగోతం ఆడే బృందం, అప్పగించి, పూర్తి రాత్రి ప్రదర్శనను వీడియో తీయించవచ్చు. గంటన్నరకు కుదించిన సభా ప్రదర్శన దీనికి పనికిరాదు. కుదించమంటే మొదట ఎగిరిపోయేది హాస్యగాడి వంతే. కళాకారుల పింఛను జాబితా రాసేటప్పుడు మేళం పెద్దతో ఆపకుండా పక్క వేషాలవాళ్లనూ అడిగి రాయాలి. జాతరల సంగతీ ఉంది. దురాజ్‌పల్లి పెద్దగట్టు రెండేళ్లకోసారి, కురుమూర్తి ఏటా జరుగుతాయి. డీజేలకూ రికార్డింగ్ డ్యాన్సులకూ డబ్బు దొరుకుతున్న చోట ఒక్క రాత్రి భాగోతానికి దొరకదా? దొరుకుతుందనే మా నమ్మకం. కురుమూర్తి ఉత్సవాల ఖర్చుల పద్దు రాసేటప్పుడే ఆలయ అధికారులు భాగోతం మేళానికి ఒక గద్దె, మైకు, భోజనం, దారి ఖర్చులు, న్యాయమైన పారితోషికం అందులో చేర్చాలి.