తేళ్ళు తినలేదు, రొట్టె తుంపాను

చైనా వెళ్ళొచ్చానని తెలిసిన ప్రతివాళ్ళూ నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "అక్కడ ఏం తిన్నారు? తేళ్ళా, పాములా?" పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న పెద్దాయన అడిగాడు. ఆఫీసు లిఫ్టులో అడిగారు. చివరికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా గేటు తీస్తూ అడిగాడు. మొదట్లో నవ్వి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు విసుగొచ్చింది. అందుకే ఈ పోస్టు. పెద్దదే, తీరిక ఉంటేనే చదవండి.

ముందు ఆ తేళ్ళ సంగతి తేల్చేద్దాం. పుల్లకు గుచ్చిన తేళ్ళు, పురుగులు అమ్మిన బజారు బీజింగ్‌లో ఉండేది. వాంగ్‌ఫుజింగ్ దగ్గర దోంగ్‌హ్వామెన్ రాత్రి బజారు. దాన్ని 2016లోనే మూసేశారు. ఉన్న రోజుల్లో కూడా ఆ పుల్లలు టూరిస్టుల కెమెరాల కోసమే తప్ప, బీజింగ్ ఇల్లాలు సాయంత్రం సంచీ పట్టుకెళ్ళి పావుకిలో తేళ్ళు తెచ్చుకుని పోపు పెట్టదు. చార్మినార్ దగ్గర ఎవరో రంజాన్‌లో ఒక రాత్రి తిరిగి వెళ్ళి, తెలుగువాళ్ళు పొద్దున్నే లేచి హలీమ్ తింటారని రాస్తే మనకెలా ఉంటుంది? అంతకంటే అన్యాయంగా మనం మాట్లాడుతున్నాం. ఇంకొందరు ఉంటారు, సెంటర్లో బండి మీద గోబీ మంచూరియా తిని చైనా తిండి తెలుసంటారు. మంచూరియా మన దేశంలో పుట్టిన వంటకం మహాప్రభో.

నేను వెళ్ళింది షియాన్. మా బావమరిది చైనాలో మెడిసిన్ చదివాడు. మన ఊళ్ళ నుంచి ఎంబీబీఎస్ కోసం అటు వెళ్ళిన వేలమందిలో వాడొకడు. చైనీస్ గడగడా మాట్లాడతాడు, నన్ను తిప్పుతానని తీసుకెళ్ళాడు. షియాన్ అంటే పాత చాంగాన్, టాంగ్ చక్రవర్తుల రాజధాని. ఇప్పుడు మనకు కనిపించే కోటగోడ తరవాతి మింగ్ వంశం కట్టించింది, చుట్టుకొలత దాదాపు 14 కిలోమీటర్లు. ఆ గోడ లోపల, 1380లో కట్టిన డ్రమ్ టవర్ కమాను కింద నుంచి ఉత్తరం వైపు నడిస్తే ముస్లింల పేట మొదలవుతుంది. పట్టుదారి (సిల్క్ రూట్) వెంట వచ్చి స్థిరపడిన అరబ్, పర్షియా, మధ్య ఆసియా వర్తకుల వారసులు వీళ్ళు. హుయ్ ప్రజలంటారు. మాట్లాడేది చైనీస్, మొహాలూ చైనీస్, మసీదుకు వెళ్తారు, పంది మాంసం ముట్టరు. వాళ్ళ పెద్ద మసీదు చూస్తే మసీదనుకోరు మీరు. గుమ్మటం లేదు. వంపు తిరిగిన చైనా పెంకుల కప్పులు, ఒకదాని వెనక ఒకటి తోటల్లాంటి ప్రాంగణాలు. ఎనిమిదో శతాబ్దంలో మొదలైందంటారు, ఇప్పుడున్న కట్టడాలు చాలావరకు మింగ్ కాలానివి.

మొదటి సాయంత్రం మావాడు వద్దంటున్నా నేనే పట్టుబట్టి పెద్ద వీధికి వెళ్దామన్నాను. బెయ్‌యువాన్‌మెన్ అంటారు దాన్ని. వీడియోల్లో 'ముస్లిం స్ట్రీట్' అని మీరు చూసేదంతా ఇదే. రెండు వైపులా లైట్ల బోర్డులు, కొట్ల ముందు వేలాడదీసిన గొర్రెలు, మైకులో కేకలు, తోపులాట. ఒకచోట ఇద్దరు మనుషులు పెద్ద పెద్ద చెక్క సుత్తులు ఎత్తి వేరుశనగ పాకం ముద్దను మొద్దు మీద వేసి దబీదబీమని బాదుతున్నారు. చుట్టూ యాభై ఫోన్లు. తయారయ్యేది వేరుశనగ మిఠాయే, మన పల్లీ పట్టీకి దగ్గరి చుట్టం. కానీ మన పట్టీ చేసేవాడి దగ్గర సుత్తి లేదు కదా, ఎవడూ వీడియో తియ్యడు.

జీలకర్ర, కారం చల్లి నిప్పుల మీద కాల్చిన గొర్రె మాంసం పుల్లలు బాగున్నాయి, అబద్ధం ఎందుకు, నాలుగు తిన్నాను. దానిమ్మ రసం కూడా బాగుంది. ఆ పక్కనే లిన్‌తోంగ్ అని ఉంది, మట్టి సైనికుల బొమ్మలు దొరికిన చోటు, దానిమ్మలకు కూడా పేరు. ఆ తరవాతే నా బాధ మొదలైంది. కాల్చిన స్క్విడ్ అనే సముద్ర జీవి, బండి తరవాత బండి అదే. సముద్రం అక్కడికి వందల కిలోమీటర్ల దూరం! దాని పక్కన కంపు టోఫు, అంటే పులియబెట్టిన సోయా పనీర్. అది హునాన్ రాష్ట్రం వాళ్ళది, దాని రాజధాని చాంగ్‌షా వెళ్ళి తినాల్సింది. "బావా, ఈ స్క్విడ్ పుల్ల మీకు చైనాలో ఏ పాత బజారుకెళ్ళినా ఇలాగే దొరుకుతుంది" అన్నాడు మావాడు, నేను చెప్తే విన్నారా అన్నట్టు చూసి.

నా గొడవ ఇదీ. ఆ పెద్ద వీధిలో ఏ తిండి నిలుస్తోందో గమనించండి. నడుస్తూ ఒంటి చేత్తో తినగలిగింది నిలుస్తోంది. ఎందుకంటే రెండో చేతిలో ఫోన్ ఉంటుంది. కూర్చుని గిన్నెలో తినాల్సినవన్నీ మెల్లగా సందుల్లోకి జరిగాయి. షియాన్ తిండి అసలు గిన్నె తిండి. మనం పుల్లలు చూసొచ్చి షియాన్ తిన్నామంటున్నాం. తప్పు అమ్మేవాళ్ళది అనను. వాళ్ళకు అద్దె కట్టాలి, పిల్లల్ని చదివించాలి, ఏది అమ్ముడుపోతే అదే పెడతారు. కొనేది మనం.

మర్నాడు ఏడింటికే మావాడు నన్ను లేపి సాజిన్‌చ్యావ్ అనే వీధికి తీసుకెళ్ళాడు. అదే పేటలో పడమటి వైపు. ఫోన్ ఎత్తినవాడు ఒక్కడూ లేడు. బడికెళ్ళే పిల్లలు, తెల్లటోపీ ముసలాయనలు, స్కూటర్ ఆపి పొట్లం కట్టించుకునే ఆడవాళ్ళు. అక్కడ హూలాతాంగ్ తిన్నాను. చిక్కటి పులుసు, అందులో చిన్న చిన్న గొడ్డు మాంసం ఉండలు, క్యాబేజీ, బంగాళాదుంప, క్యారెట్. ఘాటంతా మిరియాలది. చలికి బిగుసుకుపోయిన ముక్కు రెండో చెంచాకే వదిలింది. జలుబు చేస్తే మా అమ్మ పెట్టే మిరియాల చారు గుర్తొచ్చింది. అంతకుమించి పోలికేమీ లేదు, ఆ చిక్కదనం వేరు, అయినా గుర్తొచ్చింది.

దాని పక్కన మూడు చక్రాల బండి మీద జెంగ్‌గావ్. 'జెంగ్' అంటే అడుగున చిల్లులున్న పాత్ర, ఆవిరి మీద పెట్టేది. జిగురు బియ్యం ఒక వరస, జూజూబ్ పళ్ళు ఒక వరస, చిక్కుడు గింజలు, మళ్ళీ బియ్యం, ఇలా పేర్చి గంటల తరబడి ఉడికిస్తారు. తెల్లారేసరికి ఆ పళ్ళ రంగు, తీపి బియ్యంలోకి దిగిపోయి ముదురు ఎరుపు ముద్ద అవుతుంది. పైనుంచి కిందికి గరిటెతో చెక్కి ఇస్తాడు, అన్ని వరసలూ పడేట్టు. మనవాళ్ళు చాలామంది దాన్ని ఖర్జూరం అని రాస్తున్నారు. కాదు. జూజూబ్ మన రేగుపండుకు అక్క వరస, ఒకటే కుటుంబం. నాలుక మీద పెట్టగానే తెలుస్తుంది, కాస్త కండపట్టిన రేగుపండు. రేగి వడియాలు తిన్న నోటికి ఎవరూ చెప్పక్కర్లేదు.

గుంటూరువాణ్ణి కాబట్టి కారం గురించి మాట్లాడకుండా ఉండలేను. షియాన్ ఉన్న షాన్‌షీ రాష్ట్రం గురించి చైనాలో సరదాగా చెప్పుకునే వింతల జాబితా ఒకటుంది. నూడుల్స్ నడుం బెల్టంత, రొట్టె కుండ మూతంత, ఇలా సాగుతుంది. అందులో ఒకటి: అక్కడ కారమే ఒక కూర. ఇది విన్నాక నాకు వాళ్ళు పరాయివాళ్ళు అనిపించడం మానేశారు. ఎండుమిరప పొడి గిన్నెలో వేసి, పైన సలసల కాగే నూనె పోస్తారు. సుర్రుమని పొంగుతుంది, వీధంతా వాసన. మన కారమంత మంట ఉండదు, ఆ మిరపకు వాసన ఎక్కువ, ఘాటు తక్కువ. బెల్టంత వెడల్పు నూడుల్స్ మీద అదే పోసి ఇస్తారు, బ్యాంగ్‌బ్యాంగ్ నూడుల్స్. పిండిని బల్ల మీద కొడితే వచ్చే చప్పుడే ఆ పేరంటారు. ఆ 'బ్యాంగ్' రాయడానికి 50కి పైగా గీతలు కావాలి. కంప్యూటర్ల యూనికోడ్‌లోకి ఆ అక్షరం 2020లో గానీ ఎక్కలేదు. బోర్డు మీద చూస్తే అక్షరంలా లేదు, మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కరెంటు వైర్లలా ఉంది.

ఇక రౌజ్యామో. దీన్ని 'చైనా బర్గర్' అనేవాళ్ళ మీద నాకు ప్రత్యేకంగా కోపం. రొట్టెను పెనం మీద, పొయ్యిలో కాల్చి, చీల్చి, మాంసం తరిగి కూరిస్తే అది బర్గర్ ఎలా అవుతుంది? మన పూర్ణం బూరెని డోనట్ అంటే ఊరుకుంటామా? ప్రతిదానికీ అమెరికా పేరు తగిలిస్తే తప్ప అర్థం కాదా మనకి? నగరంలో మిగతా చోట్ల అందులో పంది మాంసం పెడతారు. ఈ పేటలో మాత్రం ఉప్పులో ఊరబెట్టి, మసాలా నీళ్ళలో ఉడికించిన గొడ్డు మాంసం. తినాలనుకునేవాళ్ళు, మానుకోవాలనుకునేవాళ్ళు ఇద్దరూ ఈ తేడా తెలుసుకుని వెళ్ళండి.

"మరి మాలాంటి వెజిటేరియన్లు పస్తేనా?" అని కింద కామెంట్ పెట్టబోతున్నవాళ్ళకు ముందే చెప్తున్నా, పస్తు కాదు. జెంగ్‌గావ్ ఉంది. ల్యాంగ్‌పి ఉంది: గోధుమ పిండి ముద్దను నీళ్ళలో కడిగి, ఆ తెల్లటి పాలను పళ్ళెంలో పలచగా పోసి ఆవిరికి ఉడికించి, పట్టీలుగా కోసి, దోసకాయ తురుము, వెనిగర్, కారం నూనె, ఈ పేటలో అయితే నువ్వుల ముద్ద కూడా కలిపి చల్లగా ఇస్తారు. పెర్సిమన్ పళ్ళ గుజ్జు పిండిలో కలిపి నూనెలో వేయించిన తియ్యటి బిళ్ళలున్నాయి, అక్టోబరులో వెళ్తే పళ్ళు తాజాగా ఉంటాయి. కాకపోతే ఏ నూనెలో వేయించారో అడగండి. చైనీస్ రాకపోతే ఫోన్లో రాసుకుని చూపించండి. ఆ ఫోన్ అప్పుడు నిజంగా పనికొస్తుంది.

ఒక్క మాట మధ్యలో. హ్యూయన్ త్సాంగ్ ఈ నగరం నుంచే బయల్దేరాడు, 645లో ఇక్కడికే తిరిగొచ్చాడు. దారిలో మన వేంగి, ధాన్యకటకం కూడా చూశాడు. మన దేశంలో ఏ పళ్ళు పండుతాయి, జనం ఏం తింటారు, ఏం తినరు అని ఓపిగ్గా రాసిపెట్టాడు. అన్నేళ్ళు నడిచిన మనిషికి ఆ తీరిక ఉంది. విమానంలో వెళ్ళిన మనకు లేదు.

చివరి రోజు యాంగ్‌రౌ పావ్‌మో, అంటే గొర్రె మాంసం పులుసులో రొట్టె ముక్కలు. దీని కోసమే ఇదంతా రాస్తున్నానేమో. కూర్చోగానే వేడివేడిగా ఏదో వస్తుందనుకున్నాను. ఖాళీ గిన్నె, రెండు గట్టి రొట్టెలు పెట్టి వెళ్ళిపోయింది అమ్మాయి. "తుంపండి బావా" అన్నాడు మావాడు. తుంపాలి, మన చేత్తో మనమే. ఒక్కో ముక్క సోయాగింజంత ఉండాలి. అరచెయ్యంత రొట్టె, పెద్దగా పులియని పిండి, గట్టిగా ఉంటుంది. నాలుగు నిమిషాల్లో నాకు బొటనవేలు నొప్పి. ఇడ్లీ ముక్కలంత చేసి చాల్లే అన్నాను. మావాడు నా గిన్నె చూసి "ఇది లోపలికి పంపితే వంటవాడు నవ్వుతాడు" అన్నాడు. నవ్వడమే కాదు, ముక్క సైజు చూసి, ఈ మనిషికి తినడం తెలుసా లేదా అని తేల్చుకుని దానికి తగ్గట్టు వండుతాడట. పెద్ద ముక్కలైతే లోపలిదాకా పులుసు దిగదు.

తుంపడం అయ్యాక ఆ గిన్నెకు నంబరు బిళ్ళ పెట్టి లోపలికి తీసుకెళ్తారు, ఎవరిది వాళ్ళకే రావాలి కదా. పులుసు ఎంత ఉండాలో కూడా మనమే చెప్పాలి. పొడిపొడిగా కావాలా, అంతా తిన్నాక చివర్లో ఒక్క గుక్క మిగలాలా, లేక ముక్కల చుట్టూ పులుసు నిలవాలా. ఈ మూడోదానికి వాళ్ళు పెట్టిన పేరు 'నగరం చుట్టూ నీళ్ళు'. కోటగోడ, దాని చుట్టూ కందకం ఉన్న ఊళ్ళో గిన్నెకు ఆ పేరు పెట్టారు చూడండి. నేను అదే చెప్పాను. గొర్రె మాంసం, గాజులా మెరిసే సన్నటి సేమ్యా, పైన కొత్తిమీర, పక్కన తీపిగా ఊరబెట్టిన వెల్లుల్లి, కారం ముద్ద. కలపకూడదట, ఒక అంచు నుంచి మెల్లగా తింటూ రావాలి. నేను అలవాటు కొద్దీ కలిపేశాను. పెద్ద ముక్కల మధ్యలో ఉత్త పిండి తగిలింది, మావాడు చెప్పినట్టే.

మా పక్క బల్ల దగ్గర తెల్లటోపీ పెద్దాయన ఒక్కడే కూర్చుని ఉన్నాడు. మేం లోపలికొచ్చేటప్పటికే తుంపుతున్నాడు. ఫోన్ లేదు, కళ్ళు వీధిలో ఉన్నాయి, వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒకసారి నా గిన్నె వంక చూశాడు. ఏమీ అనలేదు. తన బొటనవేలి గోరు పైకెత్తి, ఇంతే ఉండాలి అన్నట్టు చూపించి మళ్ళీ రొట్టె మీదకు వంగాడు. మేం తుంపి, వండించుకుని, తిని, డబ్బులిచ్చి లేచేసరికి ఆయన ఇంకా రెండో రొట్టెలో సగం దగ్గరే ఉన్నాడు.