సవరణ: బీపీ బాగున్నా వీటీ కావచ్చు

గుండె విపరీతంగా వేగంగా కొట్టుకునే కేసుల మీద నేను రాసిన పోస్టులో ఒక వాక్యం తప్పు. ‘పేషెంటు మాట్లాడుతూ, బీపీ బాగుంటే అది వీటీ కాదు, ఎస్‌వీటీయే; వెరపమిల్ ఇవ్వొచ్చు’ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. వీటీ అంటే గుండె కింది గదుల్లో పుట్టే ప్రమాదకరమైన వేగం; ఎస్‌వీటీ అంటే వాటికి పైభాగంలో పుట్టే వేగం; వెరపమిల్ ఆ ఎస్‌వీటీని తగ్గించడానికి ఇచ్చే మందు.

వీటీ ఉన్న మనిషి కూడా మంచం మీద కూర్చుని మంచినీళ్లు అడగొచ్చు. బీపీ 120/80 ఉన్నంత మాత్రాన రిథమ్ ఏమిటో తేలదు, ఈసీజీ చూడాల్సిందే. క్యూఆర్‌ఎస్ (ఈసీజీలో కింది గదుల స్పందనను చూపే భాగం) వెడల్పు మూడు చిన్న గడులు, అంటే 120 మిల్లీసెకన్లు దాటితే వీటీ అనుకునే వైద్యం మొదలుపెట్టాలి. గతంలో గుండెపోటు వచ్చినవాళ్లలో మరీను. వీటీలో వెరపమిల్ ఎక్కిస్తే బీపీ ఒక్కసారిగా కుప్పకూలి గుండె ఆగిపోవచ్చు. నేను రాసిన తప్పు చిన్నదేం కాదు.

పేషెంటు నిలకడగా ఉంటే గుండె లయను సరిచేసే మందు అమియోడరోన్ 150 మిల్లీగ్రాములు, 10 నిమిషాల్లో. బీపీ పడిపోయినా, స్పృహ తగ్గినా మందులతో కాలయాపన వద్దు, సింక్రనైజ్డ్ షాక్ (గుండె స్పందనతో సమయం కలిపి, అంటే ‘సింక్’ చేసి ఇచ్చే కరెంటు షాక్) ఇవ్వాలి. మానిటర్ మీద ప్రతి ఆర్ తరంగం (క్యూఆర్‌ఎస్‌లో పైకి లేచే శిఖరం) దగ్గరా సింక్ గుర్తు పడుతోందో లేదో చూసుకోండి. చాలా మిషన్లలో ఒక షాక్ కాగానే సింక్ దానంతటదే ఆఫ్ అవుతుంది. కంగారులో ఇది మర్చిపోతాం. రెండో షాక్‌కు ముందు ఆ బటన్ మళ్లీ నొక్కాలి. పల్స్ లేకపోతే మాత్రం సింక్ అక్కర్లేదు, వెంటనే సీపీఆర్, డీఫిబ్రిలేషన్ (సింక్ లేకుండా ఇచ్చే షాక్).