రాజు దొరికితేనే వంశమా?

ప్రముఖుల పూర్వీకులను వెతికే టీవీ కార్యక్రమాల్లో మళ్ళీ ఒక నటుడు, మళ్ళీ ఒక రాజు! 2016లో బీబీసీ ‘హూ డు యు థింక్ యు ఆర్?’ కార్యక్రమంలో బ్రిటిష్ నటుడు డానీ డయర్ పాతకాలపు ఇంగ్లండ్ రాజు మూడవ ఎడ్వర్డ్ వంశీకుడని తేలితే ఎంత హడావిడి! ఇంగ్లండ్‌లో పాత మూలాలున్న వాళ్ళలో అత్యధికులకు ఆ రాజు పూర్వీకుడే అయి ఉంటాడని జన్యుశాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు. ఆ మాట గట్టిగా చెప్పరెందుకు?

బ్రిటిష్ టీవీ వ్యాఖ్యాత మైకేల్ పార్కిన్సన్ సంగతి మరీ ఘోరం. బొగ్గుగని కార్మికుడి కొడుకు. అదే కార్యక్రమం వాళ్ళు ఆయన పూర్వీకుల కోసం వారాల తరబడి వెతికి, ఆసక్తికరమైనదేమీ దొరకలేదని వదిలేశారట. 2009లో ఆయనే చెప్పారు. ఏమీ లేదా? తరతరాలు ఒళ్ళు హూనం చేసుకున్న బతుకుల్లో చెప్పుకోదగ్గది ఒక్కటీ లేదా?

అమెరికాలో ఇంకో తీరు. ఇలాంటి కార్యక్రమంలోనే హాలీవుడ్ నటుడు బెన్ అఫ్లెక్ పూర్వీకుల్లో బానిసల యజమాని బయటపడ్డాడు. ఆ ముక్క వద్దని ఆయన కోరాడు. 2014లో అమెరికా టీవీ నెట్‌వర్క్ పీబీఎస్ ప్రసారంలో అది లేదు! యజమానుల పేర్లు కాగితాల్లో భద్రం. 1850, 1860 అమెరికా జనాభా లెక్కల్లో బానిసలకు మాత్రం వయసు, లింగం, రంగు రాసి, దాదాపు ఎక్కడా పేరు రాయలేదు. వాళ్ళ వారసులు టీవీ ముందు కూర్చుని ఎవరి చరిత్ర చూడాలి?