ధైర్యం మాకుంది, లెక్క చెప్పండి చాలు

ఆడవాళ్ళకి పోకర్ నేర్పే క్లాసుకి వెళ్తే మొదటి అరగంట పేక కట్ట బయటికే తియ్యలేదు. అన్నీ స్లైడ్లే. పోకర్ నేర్చుకుంటే ఆత్మవిశ్వాసం పెరుగుతుందట, జీతం పెంచమని బాసుని అడిగే ధైర్యం వస్తుందట, మీటింగుల్లో మన మాట నెగ్గుతుందట. శనివారం పొద్దున్నే పిల్లల్ని మా ఆయనకి అప్పజెప్పి, ఇక్కడ కాలిఫోర్నియాలో శాన్ హోసే దాకా డ్రైవ్ చేసుకుని, డబ్బు కట్టి వచ్చింది ఇవి వినడానికా? ఇదే క్లాసు మగవాళ్ళకి పెడితే మొదటి స్లైడులో ఏముంటుందో నాకు తెలుసు. ఏ రెండు ముక్కలొస్తే ఆడాలి, ఏవొస్తే పడెయ్యాలి. వాళ్ళ వ్యక్తిత్వ వికాసం గురించి ఎవరూ బెంగ పెట్టుకోరు.

మా టేబుల్ దగ్గర ఒక రిటైరైన టీచరమ్మ కూర్చుంది, అమెరికనే, డెబ్భై ఏళ్ళుంటాయి. పందెం పెంచిన ప్రతిసారీ "సారీ" అనేది. గెలిచిన చిప్స్, అదే పందెం బిళ్ళలు, దగ్గరికి లాక్కుంటూ ఇంకోసారి "సారీ". నేర్పే ఆవిడ ఆట ఆపి, గెలిచినందుకు క్షమాపణ చెప్పుకోవడం మనం మానాలి అని చిన్న ఉపన్యాసం ఇచ్చింది. టీచరమ్మ బుద్ధిగా తలూపి, మళ్ళీ వచ్చిన ఆటలో "సారీ" అంటూనే పందెం రెట్టింపు చేసింది. క్లాసు అయ్యేసరికి అందరికంటే ఎక్కువ చిప్స్ ఉన్నది ఆవిడ ముందే. ఆ సారీలు విని ఆవిడ మెతక అనుకున్నవాళ్ళమంతా ఖాళీ. మరి మార్చుకోవాల్సింది ఎవరు?

అసలు ఆట మొదలయ్యాక మాత్రం క్లాసు బాగుంది, అది ఒప్పుకోవాలి. నా పక్కన ఒక నర్సు. చేతిలో రెండు ఆఠీన్లు, టేబుల్ మీద అందరికీ కలిపి పరిచిన నాలుగు ముక్కల్లో ఇంకో రెండు. ఇంకా తిప్పాల్సిన చివరి ముక్క కూడా ఆఠీన్ పడితే ఐదూ ఒకే గుర్తు, అంటే ఫ్లష్. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 60 ఉంది. టీచరమ్మ "సారీ" అని 30 పెట్టింది. నర్సు చెయ్యి అప్పుడే చిప్స్ మీదకి వెళ్ళిపోయింది. నేర్పే ఆవిడ ఆగమని చెప్పి, ముక్కలు తిప్పి చూపించమంది. బోర్డు మీద లెక్క రాసింది. మనకి కనపడని ముక్కలు 46, వాటిలో ఆఠీన్లు 9. అంటే ఐదింట ఒక్కసారి పడుతుంది, అంతకంటే కొంచెం తక్కువే. 90 గెలవడానికి 30 పెడుతున్నావు కాబట్టి కనీసం నాలుగింట ఒక్కసారి పడాలి. ఐదుసార్లు ఇదే ఆట వస్తే నాలుగుసార్లు ముప్పై చొప్పున 120 పోతుంది, ఒక్కసారి 90 వస్తుంది. ఫ్లష్ పడ్డాక ఎదుటివాళ్ళ దగ్గర ఇంకెంత రాబట్టొచ్చు అన్నది వేరే లెక్క, అది తర్వాత చెప్తానంది.

నర్సు ముక్కలు పడేసింది. చివరి ముక్క తిప్పితే ఆఠీన్ తొమ్మిది! టేబుల్ మొత్తం ఉసూరుమంది. నేర్పే ఆవిడ మాత్రం తొణక్కుండా, "అయినా నువ్వు చేసిందే కరెక్ట్" అంది. నేను కట్టిన డబ్బు అక్కడే చెల్లిపోయింది. ఫలితం చూసి నిర్ణయాన్ని తిట్టుకోవడం మనకి ఎంత అలవాటో చెప్పక్కర్లేదు. ఇల్లు కొన్నా, ఉద్యోగం మారినా, పిల్లాడిని ఏ కాలేజీలో చేర్చినా ఏళ్ళ తరబడి అదే గొడవ.

ఇక ఆడవాళ్ళకి రిస్కు అంటే భయం అని ఒక స్లైడు ఉంది. దాన్ని మా పెద్దమ్మకి చూపించాల్సింది. తణుకు వైపు పెళ్ళిళ్ళలో రాత్రి భోజనాలయ్యాక ఆడవాళ్ళు చాపలు పరిచి రమ్మీకి కూర్చునేవాళ్ళు. పెద్దమ్మ పదమూడు ముక్కలూ విప్పి, ఒక్కసారి చూసి, "డ్రాప్" అని బోర్లా పెట్టేసేది. ముందే వదిలేస్తే 20 పాయింట్లు, మధ్యలో వదిలితే 40, ఎదుటివాళ్ళు షో కొట్టేదాకా చెత్త ముక్కలు పట్టుకు కూర్చుంటే 80 దాకా మీద పడతాయి. ఈ లెక్క ఆవిడకి ఏ స్లైడూ నేర్పలేదు. అటు మేడ మీద మగాళ్ళ ఆటలో వేలు వేలు పోగొట్టుకున్న మా పెదనాన్న కిందకి దిగి, "మీది పైసల ఆట" అని నవ్వేవాడు. చెత్త ముక్కలతో డ్రాప్ అనడం ఆయనకి నామోషీ. భయం లేకపోవడమంటే అదే అయితే మాకొద్దు.

మరి టోర్నమెంట్లలో ఆడవాళ్ళు ఎందుకు లేరు అంటారా? నిజమే, లాస్ వెగాస్‌లో ఏటా జరిగే పోకర్ వరల్డ్ సిరీస్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ, మెయిన్ ఈవెంట్‌లో నూటికి ఐదుగురు కూడా ఉండరు. 1995లో బార్బరా ఎన్‌రైట్ ఫైనల్ టేబుల్ దాకా, అంటే ఆఖరికి మిగిలిన కొద్దిమంది ఆడే టేబుల్ దాకా వెళ్ళి ఐదో స్థానంలో నిలిచింది. మళ్ళీ ఇంకో ఆడమనిషి ఆ టేబుల్ దగ్గర కూర్చోవడానికి 2025 దాకా, లియో మార్గెట్స్ దాకా ఆగాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ళు. దీనికి కారణం గుండె ధైర్యం కాదు. ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. చివరిదాకా నిలబడితే రెండు వారాలు అక్కడే ఉండాలి. అన్ని రోజులు ఇంట్లో పిల్లల్ని చూసేదెవరు? పోతే పోయిందిలే అనుకునే పదివేలు ఎంతమంది ఆడవాళ్ళ పేరు మీద ఉన్నాయి? ఇవి ఏ స్లైడులోనూ లేవు. కూర్చునే వీలున్నవాళ్ళు ఎలా ఆడతారో చూడాలంటే నార్వే అమ్మాయి అనెట్ ఓబ్రెస్టాడ్ ఉంది. 2007లో లండన్‌లో వరల్డ్ సిరీస్ యూరప్ మెయిన్ ఈవెంట్ గెలిచేనాటికి ఆమెకి ఇంకా పందొమ్మిది నిండలేదు. మన దేశం నుంచి నికితా లూథర్ 2018లో జంట ఆటలో, గెలిచినవాళ్ళకిచ్చే వరల్డ్ సిరీస్ బ్రేస్‌లెట్ తెచ్చుకుంది.

ఆడవాళ్ళకి విడిగా క్లాసు దేనికి అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. వరల్డ్ సిరీస్‌లో లేడీస్ ఈవెంట్ 1977 నుంచీ ఉంది. దాంట్లోకీ కొందరు మగాళ్ళు దూరారు. చట్టప్రకారం ఆపడానికి వీల్లేక, 2013లో రుసుము 10,000 చేసి ఆడవాళ్ళకి మాత్రం తొంభై శాతం తగ్గింపు ఇచ్చారు. ఆయన ప్రశ్నకి జవాబు అదే. నాకైతే విడి క్లాసు వల్ల ఒకటే సుఖం. అడక్కుండానే "నువ్వు అక్కడ అలా ఆడాల్సింది కాదు" అనేవాడు ఒక్కడూ పక్కన లేడు.

నా అసలు కోపం వేరే. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా అన్నీ చెప్పారు కానీ రేక్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కార్డ్ రూమ్, అంటే డబ్బుకి పేకాడించే చోటు, ఊరికే టేబుల్ వెయ్యదు, ఆడిన ప్రతి ఆటకీ పాట్‌లోంచి కొంత తీసుకుంటుంది, అదే రేక్. ఐదు డాలర్లే అనుకోండి. గంటకి ముప్పై ఆటలు పడతాయి, అంటే 150 డాలర్లు. తొమ్మిది మంది కూర్చుంటే మనిషికి పదహారు పైమాటే, పైగా డీలర్‌కి టిప్పు. చిన్న పందేల టేబుల్ దగ్గర అందరూ సమానంగా ఆడితే అందరూ ఓడిపోతారు. పాట్ లెక్క అంత చక్కగా చెప్పిన మనిషికి ఈ లెక్క తెలియదా? చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఇదంతా రాసిచ్చాను. వాళ్ళు ఇచ్చిన చోటు చాలక వెనక వైపు కూడా రాశాను.

వాట్సాప్‌లో ఫొటో చూసి, హైదరాబాద్ నుంచి మా బాబాయి కూతురు ఫోన్ చేసింది, "అక్కా, నేను ఆన్‌లైన్‌లో ఆడొచ్చా?" అని. ఆడకూడదే తల్లీ అన్నాను. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసు దాడితో మొదలైన కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీ నైపుణ్యం కావాల్సిన ఆటే అంది, మూడు ముక్కలాట మాత్రం ఉత్త అదృష్టం అంది. కానీ డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో ఆడటాన్ని, నైపుణ్యం ఉన్నా సరే, 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్ర నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. రమ్మీ యాపుల అప్పుల్లో మునిగిన ఇళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నాయి కాబట్టి నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు.

నేర్చుకోవాలని ఉంటే ఫ్రెండ్స్‌ని పిలిచి చింతగింజలతో మొదలుపెట్టమన్నాను. పాట్ ఎంత, నువ్వు పెట్టాల్సింది ఎంత, నీకు పనికొచ్చే ముక్కలు ఎన్ని మిగిలాయి, ఈ మూడూ కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాను. వాళ్ళ అత్తగారు కూడా ఆడతానంటున్నారట.